ఉప్పల్, నాచారంలో సొంతిల్లు: ప్రభుత్వ తోడ్పాటు, గృహరుణ అర్హతలు

సొంతింటికి ప్రభుత్వం చేసే తోడ్పాటు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది వడ్డీ రాయితీ. బ్యాంకు ఇచ్చిన రుణం మీద వడ్డీలో కొంత భాగాన్ని ప్రభుత్వం భరిస్తుంది. రెండోది నేరుగా ఇచ్చే సొమ్ము. సొంత స్థలంలో ఇల్లు కట్టుకునేవారికి పని ముందుకు సాగేకొద్దీ విడతలవారీగా అందుతుంది. మూడోది పూచీ. రుణం మొండిబాకీ అయితే బ్యాంకు నష్టంలో కొంత వాటాను హామీ నిధి పూరిస్తుంది. ఈ మూడింటిలో ఏది ఎవరికి అందుతుందో నాలుగు ప్రశ్నలు తేలుస్తాయి. ఇల్లు ఏ పరిధిలో ఉంది? కుటుంబ ఆదాయం ఎంత? ఇంతకుముందే పక్కా ఇల్లు ఉందా? కొనే ఇంటి కాగితాలు బ్యాంకు ఒప్పుకునేలా ఉన్నాయా? హైదరాబాదు తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం ప్రాంతాల్లో ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబులు వరసగా చూసుకుంటేనే అర్హత సంగతి స్పష్టపడుతుంది.

ముందుగా పరిధి. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్‌తో సహా 12 పురపాలక సంఘాలు, 8 గ్రామ పంచాయతీలు హైదరాబాదు నగరంలో విలీనమై గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ ఏర్పడింది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఉప్పల్ మండలం రంగారెడ్డి జిల్లా నుంచి విడిపోయి మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోకి వచ్చింది. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు వెంట సాగితే వచ్చే బోడుప్పల్, పీర్జాదిగూడ, పోచారం, ఘట్‌కేసర్ ఒకప్పుడు పంచాయతీలే. అవీ ఆ తర్వాతి సంవత్సరాల్లో పట్టణ సంస్థలుగా మారాయి. వార్డులు, సర్కిళ్ళ సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఉప్పల్, నాచారం పట్టణ ప్రాంతం కిందికే వస్తాయి. కాబట్టి ఇక్కడ కొనే ఇంటికి గానీ కట్టే ఇంటికి గానీ పట్టణ పథకాలే వర్తిస్తాయి, గ్రామీణ పథకాలు వర్తించవు.

ఈ తేడా నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల్లో పనిచేసేవారికి బాగా ముఖ్యం. వీరిలో చాలామంది వరంగల్, జనగామ, నల్గొండ వైపు పల్లెల నుంచి వచ్చి స్థిరపడ్డవారు. ఊళ్ళో కొంత జాగా, నగరంలో అద్దె ఇల్లు ఉండటం మామూలు. ఊళ్ళో కడితే గ్రామీణ నిబంధనలు, నగరంలో కొంటే పట్టణ నిబంధనలు చూడాలి. కేంద్రం 1985లో మొదలుపెట్టిన ఇందిరా ఆవాస్ యోజన స్థానంలో 2016లో గ్రామీణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. మైదాన ప్రాంతంలో దీని కింద ఇంటికి సాయం లక్షా 20 వేల రూపాయలు, కొండ ప్రాంతాల్లో లక్షా 30 వేలు. ఆ పథకపు లబ్ధిదారుల జాబితాకు ఎక్కలేని పల్లె కుటుంబాల కోసం 2017లో గ్రామీణ గృహ వడ్డీ రాయితీ పథకాన్ని ప్రకటించారు. అందులో 2 లక్షల రూపాయల దాకా అసలు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తామన్నారు. నాచారంలో పదేళ్ళుగా ఉంటున్న కార్మికుడైనా జనగామ పల్లెలో ఇల్లు కడితే చూడాల్సినవి ఈ నిబంధనలే. పథకం ఏదో తేల్చేది ఇల్లు ఉన్న చోటే.

పల్లె అని దేన్ని పిలవాలో, తక్కువ ఆదాయం అంటే ఎంతో ఒక్కో దేశం ఒక్కో తీరుగా తేల్చుకుంది. అమెరికాలో గ్రామీణ గృహరుణాలకు 1949 నాటి గృహనిర్మాణ చట్టంలోని 502వ సెక్షన్ మూలం. బ్యాంకు ఇచ్చిన రుణానికి అక్కడి వ్యవసాయ శాఖ 90 శాతం దాకా హామీ ఇస్తుంది. కుటుంబ ఆదాయం ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 115 శాతాన్ని దాటకూడదు. అంటే ఆదాయ పరిమితి కౌంటీని బట్టి మారుతుంది. మన దగ్గర పట్టణ వడ్డీ రాయితీకి ఆదాయ పరిమితి, ఇంటి ధర పరిమితి దేశమంతటికీ ఒకటే. భూమి ధర తక్కువగా ఉన్న చిన్న పట్టణానికి, మెట్రో రైలు వచ్చిన ఉప్పల్‌కు ఒకే కొలత వర్తిస్తోంది. ఈ ప్రాంతంలో చాలామందికి రాయితీ అందకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

హైదరాబాదులో గృహవసతికి ప్రభుత్వ ప్రయత్నం నూరేళ్ళకు పైబడిన చరిత్ర. 1908 మూసీ వరదల తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డును నెలకొల్పింది. తర్వాతి కాలంలో గృహనిర్మాణ మండలి ఆ పని అందుకుంది. ఇళ్ళకు అప్పిచ్చే జాతీయ వ్యవస్థ మాత్రం ఆలస్యంగా ఏర్పడింది. హడ్కో 1970లో, నేషనల్ హౌసింగ్ బ్యాంకు 1988లో వచ్చాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్యతరగతి కోసం రాజీవ్ స్వగృహ పథకం తెచ్చింది. ఉప్పల్‌కు దగ్గరలోని నాగోలు బండ్లగూడలో, వరంగల్ రోడ్డు మీది పోచారంలో ఆ అపార్ట్‌మెంట్లు లేచాయి. ఏళ్ళ తరబడి ఎవరికీ దక్కకుండా నిలిచిపోయిన ఫ్లాట్లకు 2022లో లాటరీ తీసి కేటాయింపులు చేశారు. ఇల్లు ప్రభుత్వమే కట్టి అమ్మడం కన్నా, కొనేవారి రుణభారం తగ్గించడం మేలన్న ఆలోచన ఈలోగా బలపడింది.

ఆ ఆలోచన నుంచి వచ్చిందే 2015 జూన్ 25న మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలోని వడ్డీ రాయితీ విభాగం. ఏడాదికి 6 లక్షల లోపు ఆదాయమున్న కుటుంబానికి 6 లక్షల రుణం మీద 6.5 శాతం రాయితీ లభించేది. గరిష్ఠంగా 2 లక్షల 67 వేల రూపాయల దాకా ఒకేసారి రుణఖాతాలో జమయ్యేది. మధ్య ఆదాయ వర్గాలకు వడ్డీ రాయితీ 2021 మార్చి 31తో, తక్కువ ఆదాయ వర్గాలకు 2022 మార్చి 31తో ముగిసింది. ఇప్పటికీ కొందరు మధ్యవర్తులు ఆ పాత లెక్కే చెబుతుంటారు. 2 లక్షల 67 వేలు వస్తాయని ఎవరన్నా చెబితే అది ముగిసిపోయిన పథకం మాట.

ఇప్పటి పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 9న ఆమోదించగా 2024 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదేళ్ళలో కోటి పట్టణ కుటుంబాలకు సాయం చేయడం దీని లక్ష్యం. ఇందులోని వడ్డీ రాయితీ విభాగానికి ఆదాయ వర్గాలు మూడు. ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్నవారు ఆర్థికంగా బలహీన వర్గం, 3 నుంచి 6 లక్షల వారు తక్కువ ఆదాయ వర్గం, 6 నుంచి 9 లక్షల వారు మధ్య ఆదాయ వర్గం. నెలకు 75 వేలు దాటి సంపాదించే కుటుంబం ఈ పరిధిలోకి రాదు. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు, కార్పెట్ ఏరియా 120 చదరపు మీటర్లు దాటకూడదు. రుణంలో మొదటి 8 లక్షల మీద, 12 ఏళ్ళ కాలానికి, 4 శాతం వడ్డీ రాయితీ లెక్కగడతారు. అది గరిష్ఠంగా లక్షా 80 వేల రూపాయలు. ఐదు వార్షిక విడతలుగా, అంటే ఏడాదికి 36 వేల దాకా జమవుతుంది. ప్రతి విడత సమయానికి రుణం నడుస్తూ ఉండాలి, అసలులో సగానికి పైగా బాకీ మిగిలి ఉండాలి. తొందరపడి సగానికి మించి ముందే తీర్చేస్తే మిగతా విడతలు ఆగిపోతాయి.

కుటుంబం అంటే ఈ పథకంలో భార్య, భర్త, పెళ్ళికాని కొడుకులు, కూతుళ్ళు. వీరిలో ఎవరి పేరిటా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గడచిన 20 ఏళ్ళలో కేంద్ర, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల గృహ పథకం ఏదీ పొంది ఉండకూడదు. నగరంలో అద్దెకుంటున్నా, ఊళ్ళో భర్త పేరిట స్లాబు ఇల్లుంటే నాచారంలో కొనే ఫ్లాటుకు రాయితీ రాదు. ఆ ఊరి ఇల్లు తండ్రి పేరిట ఉండి, పెళ్ళయిన కొడుకు వేరు కాపురం పెట్టుకుంటే సంగతి వేరు. తండ్రి ఇల్లు కొడుకు కుటుంబం లెక్కలోకి రాదు. కొనే ఇల్లు మహిళ పేరిట గానీ, భార్యాభర్తల ఉమ్మడి పేరిట గానీ ఉండాలి. కుటుంబంలో వయసొచ్చిన మహిళ లేనప్పుడే పురుషుడి ఒక్కడి పేరు చెల్లుతుంది. సేల్ డీడ్ రాయించే రోజుకు ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. రిజిస్ట్రేషన్ అయ్యాక పేరు చేర్చాలంటే మళ్ళీ ఖర్చు తప్పదు.

ఉప్పల్‌లో అసలు చిక్కు 35 లక్షల పరిమితి దగ్గర వస్తుంది. 2017 నవంబరులో నాగోలు నుంచి మెట్రో నడవడం మొదలైనప్పటి నుంచి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాక వెంబడి ఇళ్ళ ధరలు బాగా పెరిగాయి. ప్రధాన రహదారులకు దగ్గరగా కొత్తగా కట్టిన రెండు పడకగదుల ఫ్లాటు చాలాచోట్ల ఈ పరిమితి దాటిపోతుంది. కొత్త ఇల్లే కొనాలన్న షరతు పథకంలో లేదు. చేతులు మారే పాత ఫ్లాటుకూ రాయితీ వర్తిస్తుంది. నాచారం, మల్లాపూర్ లోపలి వీధుల్లో పదిహేను, ఇరవై ఏళ్ళ నాటి చిన్న ఫ్లాట్లు, ఘట్‌కేసర్ వైపు ఇళ్ళు ఈ కొలతకు అందుతాయి. ధర తక్కువగా చూపి రిజిస్ట్రేషన్ చేయించి, మిగతాది నగదుగా ఇమ్మనే అమ్మకందారు మాట వినడం మాత్రం ప్రమాదం. నగదుగా ఇచ్చిన దానికి బ్యాంకు రుణం రాదు, రేపు వివాదం వస్తే రుజువూ మిగలదు.

పరిమితి దాటినవారికి వడ్డీ రాయితీ లేకపోయినా మరో వెసులుబాటు ఉంది. ప్రాధాన్య రంగ రుణాల కింద బ్యాంకులు కొంత మేర తప్పక అప్పివ్వాలని రిజర్వు బ్యాంకు నిర్దేశిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం 50 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో 63 లక్షల లోపు విలువైన ఇంటికి 50 లక్షల దాకా ఇచ్చే రుణం ప్రాధాన్య రంగం కిందికి వస్తుంది. పది లక్షల లోపు జనాభా ఉన్న చోట్ల రుణ పరిమితి 35 లక్షలే. ఈ నిబంధన నగరానికీ చిన్న ఊరికీ ఉన్న ధర తేడాను గుర్తించింది. వడ్డీ రాయితీ పథకానికీ ఇలాంటి తేడా పెడితే ఉప్పల్ లాంటి ప్రాంతాల్లో జీతం మీద బతికే మరిన్ని కుటుంబాలకు న్యాయం జరుగుతుంది.

ఒక లెక్క తీసుకుంటే పథకం విలువ ఎంతో తెలుస్తుంది. భర్త నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగి, భార్య ప్రైవేటు స్కూల్లో టీచరు అనుకుంటే, ఇద్దరి ఆదాయం కలిపి నెలకు 45 వేలు. ఏడాదికి 5 లక్షల 40 వేలు కాబట్టి తక్కువ ఆదాయ వర్గం. వారు 20 లక్షలకు పాత ఫ్లాటు చూసుకున్నారు. 30 లక్షల లోపు రుణానికి ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. బ్యాంకు పూర్తిగా ఇస్తే 18 లక్షలు. మిగతా 2 లక్షలు చేతి నుంచి పెట్టాలి. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం కలిపి 7.5 శాతం, అంటే మరో లక్షన్నర. ఈ ఖర్చును బ్యాంకు ఇంటి విలువలో కలపదు. మొత్తం మూడున్నర లక్షలు చేతిలో లేనిదే బయానా ఇవ్వకూడదు. ప్రావిడెంట్ ఫండ్ ఉన్న ఉద్యోగి ఇంటికోసం అందులోంచి కొంత తీసుకోవచ్చు.

ఇక కిస్తీ. వడ్డీ 8.5 శాతం అనుకుంటే 18 లక్షలకు 20 ఏళ్ళ గడువు మీద నెలకు సుమారు 15,620 రూపాయలు. మొత్తం కట్టే వడ్డీ దాదాపు 19 లక్షల 49 వేలు. ప్రభుత్వ రాయితీ అందులో గరిష్ఠంగా లక్షా 80 వేలు. అదే రుణాన్ని 15 ఏళ్ళకు పెట్టుకుంటే కిస్తీ సుమారు 17,725 రూపాయలు, మొత్తం వడ్డీ దాదాపు 13 లక్షల 90 వేలు. నెలకు 2,100 రూపాయలు ఎక్కువ కట్టగలిగితే మిగిలేది ఐదున్నర లక్షలకు పైనే. అది రాయితీకి మూడింతలు. రాయితీ నిజమైన సాయమే. అయితే రుణం ఎంత, గడువు ఎంత అన్న నిర్ణయమే ఇంటి బడ్జెట్‌ను నిలబెడుతుంది.

సొంత స్థలం ఉన్నవారి దారి వేరు. 2024 మార్చి 11న భద్రాచలంలో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని ప్రారంభించింది. ఇల్లు లేని పేద కుటుంబం తన స్థలంలో కట్టుకుంటే 5 లక్షల రూపాయల సాయం. పథకం మొదలైనప్పటి లెక్కలో బేస్‌మెంటు పూర్తయితే లక్ష, గోడలు లేచాక లక్షా 25 వేలు, స్లాబు పడ్డాక లక్షా 75 వేలు, ఇల్లు పూర్తయ్యాక లక్ష. ఇల్లు కనీసం 400 చదరపు అడుగులు ఉండాలి. ఇది తిరిగి కట్టాల్సిన అప్పు కాదు. పని అయ్యాకే సొమ్ము వస్తుంది కాబట్టి బేస్‌మెంటు దాకా సొంత పెట్టుబడి కావాలి. మేస్త్రీకి, సిమెంటుకు, ఇనుముకు ఆ సమయంలో నూటికి మూడు, నాలుగు రూపాయల వడ్డీకి అప్పు తెస్తే సాయం కాస్తా వడ్డీకే పోతుంది. మహిళా సంఘంలో సభ్యులైన వారికి సంఘం ద్వారా వచ్చే బ్యాంకు రుణం ఇక్కడ అక్కరకొస్తుంది.

మూడో తోడ్పాటు పూచీ. నాచారం, ఉప్పల్ చిన్న పరిశ్రమల్లో జీతం చేతికే ఇచ్చే చోట్లు ఉన్నాయి. తోపుడుబండి వ్యాపారులు, ఆటో డ్రైవర్లు, భవన నిర్మాణ కార్మికులకు జీతం స్లిప్పు ఉండదు. ఇలాంటివారికి ఇచ్చే గృహరుణాలకు హామీగా 2012లో కేంద్రం ఒక హామీ నిధి ట్రస్టును పెట్టింది. 2024లో దాని మూలధనాన్ని వెయ్యి కోట్ల నుంచి 3 వేల కోట్లకు పెంచాలని నిర్ణయించారు. ఈ హామీ బ్యాంకుకు, రుణగ్రహీతకు కాదు. కిస్తీ కట్టే బాధ్యత తీసుకున్నవారిదే. అయినా దానివల్ల మూడో మనిషి జామీను లేకుండా చిన్న రుణం దొరికే వీలు పెరుగుతుంది. జీతం స్లిప్పు లేనివారు ఏడాదిపాటు రాబడిని బ్యాంకు ఖాతా ద్వారానే నడిపితే ఆ ఖాతా వివరాలే ఆదాయానికి సాక్ష్యమవుతాయి.

నాలుగో ప్రశ్న కాగితాలది. ఈ ప్రాంతంలో ఎక్కువ దరఖాస్తులకు అడ్డం పడేది ఇదే. బస్తీలో 60 గజాల ఇంటిని నోటరీ కాగితం మీద కొన్నవారికి గృహరుణం రాదు. నోటరీ సంతకం యాజమాన్యాన్ని బదిలీ చేయదు. రిజిస్టరు అయిన సేల్ డీడ్, అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, 30 ఏళ్ళ దాకా ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ, ఇంటి అనుమతి ప్లాను, ఆస్తిపన్ను రసీదు బ్యాంకు లాయరు అడిగేవి. ప్రభుత్వ స్థలంలో ఏళ్ళుగా ఉంటున్న ఇళ్ళకు 2014 డిసెంబరులో వచ్చిన 58, 59 నంబరు జీవోల కింద క్రమబద్ధీకరణ జరిగింది. 58 కింద పేదలకు 125 గజాల దాకా ఉచితం, 59 కింద రుసుము. అలా పట్టా పొందిన ఇల్లు అమ్మకానికి వస్తే, అమ్మే హక్కుపై షరతులేమైనా ఉన్నాయేమో పట్టాలోనే చూసుకోవాలి. 75 గజాల లోపు స్థలంలో ఇల్లు కట్టేవారికి 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ఊరటనిచ్చింది. ఒక్క రూపాయి రుసుముతో నమోదు చేసుకుంటే విడిగా అనుమతి అక్కర్లేదు.

రుణం తీసుకున్నాక కూడా కొన్ని హక్కులున్నాయి. మారే వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. వడ్డీ, రుసుములు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో తెలిపే వివరపత్రాన్ని 2024 అక్టోబరు నుంచి సంతకానికి ముందే ఇవ్వాలి. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు డాక్యుమెంట్లు తిరిగివ్వాలి. ఆలస్యానికి బ్యాంకుదే బాధ్యత అయితే రోజుకు 5 వేల రూపాయల చొప్పున చెల్లించాలి. ఈ నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

వడ్డీ రాయితీకి దరఖాస్తు పథకపు పోర్టల్‌లో పెట్టుకోవచ్చు. రుణం ఇచ్చే బ్యాంకు గానీ గృహరుణ సంస్థ గానీ అర్హతను పరిశీలిస్తుంది. కుటుంబ సభ్యుల ఆధార్ కార్డులు, ఆదాయ రుజువు, పక్కా ఇల్లు లేదన్న స్వీయ ధ్రువీకరణ, ఇంటి కాగితాలు కావాలి. ఆదాయ ధ్రువీకరణ పత్రం మీసేవ ద్వారా తహసీల్దారు కార్యాలయం నుంచి దొరుకుతుంది. రాయితీ సొమ్ము రుణఖాతాకే వస్తుంది. దాన్ని ఇప్పిస్తామంటూ కమీషన్ అడిగే దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వనక్కర్లేదు. ఉప్పల్, నాచారంలో ఇల్లు కొనదలచిన కుటుంబం బయానా ఇవ్వకముందే పరిధి, ఆదాయం, పాత ఇల్లు, కాగితాలు అనే నాలుగు సంగతులూ బ్యాంకులో కూర్చుని తేల్చుకోవాలి.